చిత్రిక నోట్లో ఒంపు

కర్నూలు పాతబస్తీలో ఒక పాత మిద్దె కూలగొడుతుంటే, పనికిరాని సామాను గోతంలో దొరికిన కొయ్యముక్క ఒకటి ఇప్పుడు నా మేజా మీద ఉంది. జానెడు మీద ఒక అంగుళం పొడవు, రెండు వేళ్ల మందం. పక్కనుంచి చూస్తే ఏదో మూలుగుతున్న పాత చెక్కలా ఉంటుంది గానీ, తిరగేసి అడుగు చూస్తే కథ మారుతుంది. అడుగు చదునుగా లేదు. ఒక మెట్టు, దాని పక్కన బోర్లించిన చిన్న దోనెలాంటి పల్లం, ఆ తర్వాత సన్నటి గట్టు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అదే ఆకారం, వెంట్రుకవాసి తేడా లేకుండా. మధ్యలో ఒక పక్కకు తెరుచుకున్న బెజ్జం. అందులో ఇనుప కత్తి, దాన్ని బిగించి పట్టుకున్న కొయ్య చీల.

ఇది చిత్రికే. చెక్కను చదును చేసే మామూలు చిత్రిక కాదు, అంచున నగిషీ తీసే చిత్రిక. ఇప్పటి వడ్రంగులు బీడింగ్ అనీ మోల్డింగ్ అనీ పిలిచే గీతలు, ఒంపులు ఒకప్పుడు ఇలాంటి వాటితోనే పడేవి. మనం ఏ కవితకో కథకో ‘చిత్రిక పట్టారు’ అని రాస్తాం, నునుపు చేశారనే అర్థంలో. నిజానికి చిత్రిక రుద్ది నునుపు చేయదు. కోస్తుంది. ఆకురాయో గాజుకాగితమో అయితే చెక్కను అరగదీస్తుంది. పీచు చివరలు నలిగి మసకబారతాయి. చిత్రిక పట్టిన చెక్క పీచు తెగి ఉంటుంది గనక మెరుస్తుంది. ఆ తేడా తెలియాలంటే పాత వాకిలి అంచు మీద వేలు పెట్టి, తర్వాత కొత్త తలుపు అంచు మీద పెట్టి చూడండి. (మా వైపు తలుపును వాకిలి అంటాం. కోస్తా పాఠకులు ముంగిలి అనుకోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.)

ముందు కోత సంగతి. చెక్క అంటే సన్నటి గొట్టాల మోపు. గొట్టాల గోడలు సెల్యులోజు, వాటిని అతికించే జిగురు లిగ్నిన్. గొట్టాల వెంట చెక్కను చీల్చడం సులువు, అడ్డంగా విరవడం కష్టం. కట్టెలు కొట్టే ఎవరికైనా ఇది చేతికి తెలిసిన విషయమే. చిత్రిక కత్తి పీచు వెంట పోతున్నప్పుడు అది కోస్తూనే కాస్త చీలుస్తుంది కూడా. పీచు పైకి లేచే దిక్కుగా ఉంటే చీలిక పైకి వచ్చి పొట్టు తెగిపోతుంది, బాధ లేదు. పీచు లోపలికి దిగే దిక్కుగా ఉంటే మాత్రం చీలిక కత్తి కంటే ముందే లోపలికి పరుగెత్తుతుంది. అప్పుడు పొట్టు తెగదు, ముక్క పెరుక్కొస్తుంది. చెక్క మీద గుంటలు పడతాయి.

దీన్ని ఆపడానికి రెండు ఉపాయాలు. మొదటిది నోరు. కత్తి కొసకు ముందున్న సందును చిత్రిక నోరు అంటారు. అది ఎంత సన్నగా ఉంటే చెక్కను అంత దగ్గరగా నొక్కిపట్టి, చీలిక ముందుకు పోకుండా ఆపుతుంది. రెండోది కత్తి వాలు. మామూలు చిత్రికలో కత్తి 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది, దాని వీపుకు మరో ఇనుపబద్ద బిగించి ఉంటుంది. పొట్టును వెంటనే మడిచి విరిచేయడం ఆ బద్ద పని. నగిషీ చిత్రికలో ఆ బద్ద ఉండదు. వంపులు తిరిగిన కత్తికి అదే వంపుల బద్ద జోడించడం తలనొప్పి. అందుకే వాలు పెంచుతారు. ఇంగ్లండు పనివాళ్లు మెత్తటి చెక్కకు 50, గట్టి చెక్కకు 55 నుంచి 60 డిగ్రీల దాకా పెట్టేవారు. కత్తి నిలువైన కొద్దీ చీల్చడం తగ్గి గీకడం పెరుగుతుంది. తోయడానికి బలం ఎక్కువ కావాలి, పొట్టు ముక్కలై రాలుతుంది, కానీ చెక్క పాడవదు.

నా దగ్గరున్నదాన్ని కోణమానినితో కొలిస్తే 55 దగ్గర తేలింది. ఇంటి దగ్గర్లో పనిచేసే ఒక ముసలి వడ్రంగికి చూపించాను. చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి అడుగంతా చూసి, ‘ఇది యాప చెక్కకు చేసింది సార్. టేకుకయితే ఇంత నిట్టంగా అక్కర్లేదు’ అన్నాడు. కోణమానిని లేకుండానే. వేప పీచు ఒక పొర ఇటు, మరో పొర అటు అల్లుకుని పెరుగుతుంది. ఏ దిక్కున తోసినా సగం చెక్క ఎదురుపీచే. సీమ పల్లెల్లో టేకు కొనలేని ఇళ్లకు వేపే వాకిలి, వేపే దూలం. ఆ చెక్కకు తగ్గట్టే చిత్రిక వాలు.

పీచు వంకర గురించి ఇంకో మాట. కడప కొండల ఎర్రచందనంలో కొన్ని చెట్లకు పీచు అలలు అలలుగా ఉంటుంది. చిత్రిక పట్టేవాడికి అది నరకం. జపాను వాళ్లు షామిసెన్ అనే తంత్రీవాద్యానికి మాత్రం సరిగ్గా ఆ అలల చెక్కే కోరతారు, దొంగల ధరా దానికే ఎక్కువ. వడ్రంగి శాపం స్మగ్లరుకు వరమైంది.

ఇక కత్తి. ఈ చిత్రికలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే. బయటకు లాగి వెనకవైపు తుడిస్తే తుప్పు కింద అడ్డదిడ్డంగా గళ్ల గీతలు కనిపించాయి. అరిగిపోయిన ఆకురాయి! పాత ఆకురాయిని కొలిమిలో మెత్తబరిచి, సాగగొట్టి, కొసకు ఒంపు దిద్ది కత్తి చేశారు. ఆకురాయిలో కర్బనం బాగా ఉంటుంది గనక అంచు నిలబడుతుంది. కొత్త ఉక్కు కొనే పని లేదు. ఒంపు దిద్దాక చింతనిప్పు రంగు వచ్చేదాకా కాల్చి ముంచితే ఉక్కు గాజులా పెళుసవుతుంది. తర్వాత మళ్లీ సన్నగా వేడిచేస్తారు. 230 డిగ్రీల దగ్గర మెరుగు పెట్టిన లోహం మీద ఎండుగడ్డి పసుపు రంగు పాకుతుంది. నీళ్ల మీద నూనె చుక్క రంగులు తిరిగినట్టే ఇదీ: లోహం మీద పేరుకున్న పలచటి తుప్పు పొర వెలుతురుతో ఆడే ఆట, పొర మందం మారితే రంగు మారుతుంది. కమ్మరికి ఆ రంగే థర్మామీటరు. పసుపు దాటి నీలం వచ్చిందంటే అంచు మెత్తబడినట్టే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కత్తి కొస ఆకారం, అది చెక్క మీద తీసే ఆకారం ఒకటే అనుకుంటాం. కాదు. కత్తి వాలుగా కూర్చుంది కదా. చెక్క మీద పల్లం 10 మిల్లీమీటర్ల లోతు రావాలంటే, 45 డిగ్రీల వాలు కత్తి మీద ఆ లోతు 14.1 మిల్లీమీటర్లు ఉండాలి. 55 డిగ్రీలయితే 12.2. వెడల్పు మాత్రం మారదు. అంటే చెక్క మీద గుండ్రటి ఒంపు కావాలంటే కత్తి మీద సాగదీసిన కోడిగుడ్డు ఒంపు దిద్దాలి. బడిలో సైన్ పట్టిక చదివినవాళ్లు దీన్ని రెండు నిమిషాల్లో తేలుస్తారు. ఈ కత్తి చేసినవాడికి ఆ పట్టిక అక్కర్లేదు. ముందు చిత్రిక అడుగును చెక్కుకుని, కత్తిని దాని వాలులో బిగించి, అడుగు ఆకారాన్ని కత్తి మీద గీతగా దించుకుని, ఆ గీత దాకా అరగదీస్తే చాలు. సైన్ లెక్క దానంతటదే వచ్చి కూర్చుంటుంది. లెక్క చేయకుండానే లెక్క సరిగ్గా రావడమంటే ఇదే.

ఇలా ఒకసారి కుదిరాక చిత్రిక తన పని తానే చూసుకుంటుంది. అడుగున ఒక పక్క దిగిన గట్టు చెక్క అంచును పట్టుకుని నడుస్తుంది, పక్కకు జారదు. రెండో పక్క మెట్టు చెక్కకు తగలగానే కత్తి ఇక కోయదు. ఎంత తోసినా ఉత్తుత్తిగా జారిపోతుంది. చాలు అని పనిముట్టే చెబుతుంది. పనివాడు దగ్గరి చివర కాకుండా దూరపు చివర మొదలుపెట్టి, పొట్టి తోపులతో ఒక్కో అడుగు వెనక్కి వస్తాడు. పొట్టు పైనుంచి కాక పక్క బెజ్జంలోంచి రాలుతుంది. కత్తి ముందుకు జరగాలంటే దాని తోక మీద తట్టాలి, వెనక్కి రావాలంటే చిత్రిక మడమ మీద తట్టాలి. నా చిత్రిక మడమ నిండా సుత్తి దెబ్బల గుంటలు. ఎన్నేళ్ల దెబ్బలో!

సరే, అసలు వాకిలికి ఈ ఒంపులెందుకు? అందానికి అని సులువుగా అనేస్తాం. అందం తర్వాతి సంగతి, ముందు చెక్క ఊపిరి సంగతి చూడాలి. చెక్క గాలిలో తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి చిక్కుతుంది. పొడవునా దాదాపు మారదు. అడ్డంగా మాత్రం బాగా మారుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండితే మాను నడుమ నుంచి బెరడు వైపుగా సుమారు 2.5 శాతం, వలయాల వెంట 5.8 శాతం చిక్కుతుంది. మా కర్నూలులో ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలు, గాలి పొడి పిండిలా ఉంటుంది. తర్వాత వానలు. చెక్కలోని తేమ ఈ రెంటి మధ్య 10 శాతం మారిందనుకుంటే, అడుగు వెడల్పున్న టేకు పలక అర సెంటీమీటరుకు పైనే ఉబ్బి తగ్గుతుంది. వానాకాలం వాకిలి పట్టేసి, భుజంతో తోస్తే గానీ తెరుచుకోకపోవడం అందరికీ అనుభవమే.

ఆ పలకను నాలుగు వైపులా మేకులతో బిగిస్తే ఎండాకాలం నిలువునా పగులుతుంది. అందుకే చట్రం చేసి, చట్రం లోపలి అంచున గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా కూర్చోబెడతారు. పలక తన ఇష్టం వచ్చినట్టు ఊపిరి తీసుకుంటుంది, చట్రం కదలదు. మరి పలకకూ చట్రానికీ మధ్య సందు ఒక నెల సన్నగా, ఒక నెల వెడల్పుగా కనిపిస్తుంది కదా? చట్రం అంచున ఒంపు తీసి, నీడలో ఆ సందును దాచేస్తారు. అంటే వాకిలి మీద మనం చూసే నగిషీలో సగం, చెక్క కదలికను కప్పిపెట్టే ముసుగు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఈ సూత్రానికి గట్టి పరీక్ష పెట్టినట్టయింది. నీళ్లు తీశాక ప్లైవుడ్ తలుపులు పొరలు విడిపోతే, గాడిలో వదులుగా పలక కూర్చున్న పాత టేకు వాకిళ్లు ఎండి మళ్లీ తమ చోట్లోకి వచ్చాయి. నేను చూసిన మూడు ఇళ్ల మాట ఇది, ఊరందరి మాటా కాదు.

ఇక అందం. ఒంపును కంటికి చూపించేది చెక్క కాదు, నీడ. గోడకు నిలువుగా ఉన్న చెక్క మీద ముందుకు పొడుచుకొచ్చిన గట్టు కింద ఎంత నీడ పడుతుందో సూర్యుడి ఎత్తును బట్టి ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో కర్నూలులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగ్మండలానికి సుమారు 51 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లండనులో అదే రోజు 15 డిగ్రీలే. దక్షిణం చూసే వాకిలి మీద (వాస్తు తెలిసినవాళ్లు క్షమించాలి, లెక్క కోసమే) 5 మిల్లీమీటర్ల గట్టు ఇక్కడ 6 మిల్లీమీటర్ల నీడ వేస్తుంది, అక్కడ ఒకటిన్నర కూడా రాదు. కాబట్టి మన ఎండకు సన్నటి గీత చాలు, నీడ దానంతటదే ముదురుగా పడుతుంది. గుండ్రటి ఒంపు మీద నీడ మెల్లగా కరుగుతుంది, చదునైన గట్టు కింద కత్తితో కోసినట్టు ఆగుతుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టడంలోనే నగిషీ రహస్యమంతా ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నమూనాలను ఉన్నవి ఉన్నట్టు మన బంగళాల మీద దించిన చోట ఆ బరువు నాకెప్పుడూ కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. మబ్బు ఆకాశానికి గీసిన గీతలవి.

ఇక ఈ చిత్రికల పుట్టుక గురించి కొంచెం. చిత్రిక పాతదే, క్రీస్తుశకం 79లో బూడిద కింద పూడిపోయిన పాంపేలో కూడా దొరికింది. 1678లో లండనులో జోసెఫ్ మాక్సన్ వడ్రంగం గురించి అచ్చువేసినప్పుడు రకరకాల చిత్రికల పేర్లు చెప్పాడు. అదే శతాబ్దం చివరికి థామస్ గ్రాన్‌ఫర్డ్ లాంటివాళ్లు చిత్రికలు చేసి అమ్మడమే బతుకుతెరువు చేసుకున్నారు. అప్పటిదాకా చాలావరకు ఎవరి చిత్రిక వాళ్లే చేసుకునేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ పొడవు తొమ్మిదిన్నర అంగుళాలకు స్థిరపడింది. నాది కూడా దాదాపు అంతే పొడవుందంటే ఎవరో ఇంగ్లీషు చిత్రికను చూసి చేసుకున్నారనిపిస్తుంది. ఒక్కో ఆకారానికి ఒక్కో చిత్రిక కావాలి. లేదా పల్లం తీసేది ఒకటి, గుండు తీసేది ఒకటి చొప్పున జతలు పెట్టుకుంటే ఎంత పెద్ద నగిషీ అయినా ముక్కలు ముక్కలుగా తీయొచ్చు. పూర్తి వరస 18 జతలు, అంటే 36 చిత్రికలు. వాటిని మోసుకెళ్లడానికే ఒక మనిషి కావాలి.

అమెరికాలో చిత్రికలు చేసిన తొలితరం పేరున్నవాళ్లలో మసాచుసెట్స్‌లోని రెంథమ్ ఊరి ఫ్రాన్సిస్ నికల్సన్ ఒకడు. ఆయన దగ్గర బానిసగా పనిచేసిన సీజర్ చెలోర్, 1753లో యజమాని చనిపోయాక వీలునామా ప్రకారం స్వేచ్ఛ పొంది, అదే ఊళ్లో సొంతంగా చిత్రికలు చేశాడు. 1784లో చనిపోయాడు. తన పేరు ముద్ర వేసి ఆయన అమ్మిన చిత్రికలను ఇవాళ సేకర్తలు ఏరికోరి కొంటారు. బానిసగా పేరు లేని మనిషి కొయ్య మీద పేరు మిగుల్చుకున్నాడు.

మన దగ్గర ముద్రలు తక్కువ. మా వడ్రంగులు నల్లతుమ్మ లాంటి గట్టి కొయ్యతో తామే చేసుకున్నారు, పేరెందుకు వేస్తారు? వడ్రంగానికి ఇక్కడ గౌరవం లేదని కాదు. బనగానపల్లెలో పశువులు కాచిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, తర్వాత కడప జిల్లా కందిమల్లాయపల్లె చేరి వడ్రంగం చేసుకుంటూ బతికాడని సంప్రదాయం చెబుతుంది. అయినా పనిముట్టును ఎవరూ దాచుకోలేదు. పాత పద్ధతిలో ఇక్కడి వాకిళ్ల మీద పద్మాలు, గజలక్ష్మి ఉలితో చెక్కినవే ఎక్కువ. చట్రం, పలక, చుట్టూ నగిషీ గీతలు ఉన్న వాకిళ్లు ఇక్కడ పెరిగింది కుంపిణీ కాలం నుంచి. 1800లో సీమ నిజాం చేతి నుంచి వాళ్లకు దత్తమైంది, 1839లో కర్నూలు నవాబు రాజ్యమూ పోయింది. కచేరీలు, బంగళాలు, రైల్వే స్టేషన్లు కట్టాక ఊళ్లోని షావుకార్లూ అలాంటి వాకిళ్లే పెట్టించుకున్నారు. కింద కూర్చుని, కాలివేళ్లతో చెక్కను అదిమిపట్టి పనిచేసే మన వడ్రంగి, నిలబడి బల్ల మీద తోసేవాడి కోసం పుట్టిన చిత్రికను తన కూర్చునే తీరుకు తగ్గట్టు మలుచుకున్నాడు.

కొయ్య చిత్రికల కాలం పోవడానికి యంత్రం ఒక కారణం, ఇనుప చిత్రిక ఇంకో కారణం. 1897లో స్టాన్లీ కంపెనీ 55వ నంబరు చిత్రిక అమ్మకానికి పెట్టింది. ఒకే ఇనుప చట్రంలో యాభైకి పైగా కత్తులు మార్చుకోవచ్చు. సర్దుకోవడానికి చాలా ఓపిక కావాలని వాడినవాళ్లంతా తిట్టుకున్నారు. ఇవాళ కర్నూలు బజార్లో నాలుగైదు వేలు పెడితే రూటర్ మిషన్ దొరుకుతుంది. కరెంటుతో నిమిషానికి వేల చుట్లు తిరిగే కత్తి ఎదురుపీచును కూడా చాలావరకు పీకకుండా కోసేస్తుంది, ఎందుకంటే ఒక్కో కోతకు అది తీసే ముక్క రవ్వంతే. వేగంలో చిత్రిక దానికి సాటిరాదు, దాని మీద నాకు అభ్యంతరమూ లేదు. ఎండీఎఫ్ పలక మీద ఆకారం అచ్చుగుద్ది, పైన ప్లాస్టిక్ పొర అతికించి ‘డిజైన్ డోర్’ అని అమ్మడం మీద ఉంది. అక్కడ ఊపిరి పీల్చే పలకా లేదు, దాచాల్సిన సందూ లేదు. ముసుగు మాత్రం మిగిలింది.

తమాషా ఏమిటంటే నగిషీ చిత్రిక సూత్రం మన వంటింట్లోనే బతికి ఉంది. బేతంచెర్ల, తాడిపత్రి బండలైనా, గ్రానైటైనా, పొయ్యి కింద పెట్టే బండ అంచు గుండ్రంగా తిరిగి ఉంటుంది చూడండి. దాన్ని తీసేది వజ్రపు రవ్వ పొదిగిన చక్రం. చక్రం అంచున పల్లం, బండ అంచున గుండు. మేస్త్రి రేకు ముక్కను ఆకారంలో కత్తిరించి, పచ్చి సిమెంటు మీద లాగి కార్నీసు తీస్తాడే, అదీ ఇదే. ఆకారాన్ని ఒకసారి పనిముట్టులో పెట్టేశాక చేతికి మిగిలేది నేరుగా తోయడం ఒక్కటే.

మీ ఇంట్లోనో అవ్వగారింట్లోనో అటక మీద ఇలాంటి కొయ్యముక్క ఉంటే, పొయ్యిలో పెట్టకముందు ఒకసారి తిరగేసి అడుగు చూడండి. ఒంపు ఉంటే అది చిత్రిక. గాజుకాగితంతో రుద్దకండి, అడుగు ఆకారం పోతే ఇక అది ఉత్త కట్టె. కత్తి రాకపోతే సుత్తితో కొట్టి పగలగొట్టకండి. చీల తల పక్కన మెల్లగా తట్టితే వదులవుతుంది. తుప్పు తుడిచి కాస్త నువ్వులనూనె రాస్తే చాలు. ముందు చివరన అక్షరాలుంటే చదివి రాసిపెట్టుకోండి. పాత మిద్దె కూల్చేవాళ్లయితే, వాకిలి అంచు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో ఆ ఒంపును ఒక్కసారి దించుకోండి. ఐదు నిమిషాల పని. వాకిలి అమ్ముడుపోయినా ఒంపు మీ దగ్గర ఉంటుంది.